గాజుతొట్టిలో పగడపుదిబ్బ



ఇంటిలో పెద్ద గాజుతొట్టి నొకదానిని అమర్చి, అందు ఉప్పునీరు నింపి, పగడపుజీవులను, వానితో కలసి బ్రదుకు చేపలను పెంచు విధమును గూర్చి నేడు మీకు విన్నవింతును. ఈ విషయము మన పల్లెలకు మిక్కిలి దూరమని తోచవచ్చును. కాని అమెరికాలోను, జర్మనీలోను ఇట్టి తొట్లు అనేక గృహములలో కలవు. మన బిడ్డలు కాపురమున్న పట్టణములకును ఈ వేడుక వచ్చినది. సెలవులకు వచ్చిన మనుమడు తన యింటి తొట్టి చిత్రమును చూపినప్పుడు, అందేమున్నది, అది యెట్లు నిలుచుచున్నది, దానిని పెంచుట ధర్మమా కాదా యని అడుగుటకు తాతగారికి కొంత తెలిసియుండవలెను గదా!

మొదట పగడమన నేమో తెలియవలెను. మన స్త్రీలు మెడలో ధరించు ఎఱ్ఱని పగడము మధ్యధరా సముద్రములో, వెలుతురు తక్కువైన తావులలో పెరుగును. దిబ్బలు కట్టు పగడము దానికి దాయాదియే కాని అది కాదు. ఈ రెండవదానిని చూచి పూర్వులు చెట్టనిరి, కొందరు రాయనిరి. నిజమునకు అది జంతువు. పెసరగింజంత దేహము, నోటిచుట్టును చిన్న చిన్న మీసములవంటి చేతులు గల జీవులు వేలకొలది ఒకదానినంటి యొకటి కాపురముండి, నీటిలోని సున్నమును గ్రహించి తమ క్రింద రాతివంటి గూడును కట్టుకొనును. తరములు గడచినకొలది ఆ గూళ్లే కొండలగును. వింతయేమనగా, ఈ జంతువు శరీరములో కంటికి కానరాని నాచు నివసించును. ఆ నాచు సూర్యరశ్మితో ఆహారమును వండి తన యింటి యజమానికి పెట్టును. యజమాని విడిచిన మలినమును తాను ఎరువుగా గైకొనును. కావున పగడమునకు వెలుతురు, తేటనీరు, నిలుకడయైన వెచ్చదనము మూడును కావలెను. గోదావరీ కృష్ణలు ఒండ్రును, మంచినీటిని కుమ్మరించు మన తీరమున పెద్ద పగడపుదిబ్బలు పెరుగకపోవుటకు కారణమిదే. తమిళదేశపు మన్నారు సింధుశాఖ, కచ్ఛ్ సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాను నికోబారు దీవులు వాని నివాసములు.

సముద్రజీవులను గాజుపెట్టెలో ఉంచి చూచుట నూటతొంబది యేండ్ల నాటి మాట. 1832లో జాన్ విల్‌ప్రో పవర్ అను ఫ్రెంచి విదుషి సిసిలీ ద్వీపమున గాజుతొట్లు చేయించి, అందు జలచరములను పెట్టి వాని నడవడిని పరిశీలించెను. 1853లో లండను జంతుశాలలో ప్రజలు చూచుటకు మత్స్యగృహమును తెరచిరి. మరుసటి యేట ఫిలిప్ హెన్రీ గాస్ ఆ విషయమై గ్రంథము వ్రాయగా ఇంగ్లండున ప్రతి పెద్దయింటను తొట్టి వెలసినది. మన మదరాసు సముద్రతీరమున 1909లో తెరచిన మత్స్యశాలను మీలో కొందరి తండ్రులో తాతలో చూచియుందురు. రెండవ ప్రపంచయుద్ధకాలమున అది మూతపడినది. కాని ఈ తొట్లలో చేపలు బ్రదికెనే గాని పగడములు నిలువలేదు. తెచ్చిన కొలదినాళ్లకే తెల్లబడి చచ్చుచుండెను. 1961లో ఇండొనీషియా దేశపు జకార్తా నగరవాసి లీ చిన్ ఎంగ్ అను నతడు తన పద్ధతిని ఒక పత్రికలో ప్రకటించెను. పెద్ద యంత్రములు లేవు. సముద్రమునుండి తెచ్చిన, జీవులతో నిండిన రాళ్లను తొట్టిలో పేర్చి, గాలిబుడగలను పంపి, సూర్యరశ్మి తగులనిచ్చెను. అతని పగడములు బ్రదికినవి! ఆ రాళ్లలోని కంటికి కానరాని జీవులే నీటిని శుభ్రము చేసినవని లోకమునకు తరువాత బోధపడినది. బెర్లిను నగరపు ఔత్సాహికులు అట్టి రాళ్లకు తోడుగా నురుగుతీయు యంత్రమును, బలమైన దీపములను చేర్చి, నేడు అందరు అనుసరించు మార్గమును వేసిరి.

ఇక తొట్టి మాట. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గల తొట్టిని తలచుకొనుడు. అందు సుమారు 680 లీటర్ల నీరు పట్టును. నీరు, గాజు, రాళ్లు, క్రింది బల్ల అన్నియు కలసి 900 కిలోలకు తక్కువ యుండదు. అనగా డెబ్బదియైదు కిలోల ధాన్యపు బస్తాలు పండ్రెండు తెచ్చి, ఒక మంచమంత చోట పేర్చినట్లు. క్రింది గచ్చు ఆ బరువు మోయునా, మేడమీదనైనచో దూలములు తట్టుకొనునా యని మేస్త్రీని అడిగి గాని కొనరాదు. చిన్నతొట్టి సులభమని పలువు రనుకొందురు. అది పొరపాటు. చెంబెడు నీరు క్షణములో వేడెక్కును, చెరువు వేడెక్కుటకు దినములు పట్టును. నీరెక్కువైనకొలది మార్పు మెల్లగా వచ్చును, యజమానికి దిద్దుకొను వ్యవధి దొరకును. పెద్దతొట్టికి ధనమెక్కువ కావలెను, చిన్నదానికి నేర్పెక్కువ కావలెను.

నీటిని గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలెను, ఏలయనగా తొట్లు చెడుట కిదియే మూలము. బావినీరు, కుళాయినీరు పనికిరావు. వానిలో ఎరువుల సారము, లోహములు, క్లోరిను ఉండవచ్చును. సన్నని పొరలగుండ ఒత్తిడితో వడగట్టి, లవణములన్నియు తీసివేసిన నీటినే వాడుదురు. అందు కలుపు ఉప్పు మన వంటింటి ఉప్పు కాదు. నౌపడాలోను, చినగంజాములోను ఉప్పుమళ్లు చూచినవారికి కారణము తేటపడును. సముద్రపునీటిని మడికట్టి ఎండబెట్టినప్పుడు మొదట సున్నము, గచ్చువంటి పదార్థములు అడుగున దిగును. పిమ్మట తినెడి యుప్పు గడ్డకట్టును. మెగ్నీషియము మొదలగు చేదులవణములు మిగిలిన నీటిలోనే యుండిపోవును. మనము ఏరుకొనునది నడిమిది మాత్రమే. సముద్రజీవులకు మొదటిదియు, చివరిదియు కూడ కావలెను. అందుచే అన్నిటిని తగుపాళ్లలో కలిపి చేసిన ప్రత్యేకపు ఉప్పును కొందురు. కిలో నీటికి 35 గ్రాముల చొప్పున, రాళ్లు ఆక్రమించిన చోటు పోగా, ఈ తొట్టికి ఇరువది కిలోలకు పైగా పట్టును.

ఇచట ఒక హెచ్చరిక. రాగిచెంబులోని నీరు మనకు ఆరోగ్యమని పెద్దలందురు. పగడములకు, నత్తలకు, రొయ్యలకు రాగి పరమవిషము. రాగిబిందె గాని, ఇత్తడిబిందె గాని, తుదకు రాగి కలసిన గొట్టము గాని ఆ నీటికి తగులరాదు. అతిథిగా వెళ్లిన పెద్దవారు ఉపకారమని తలచి చెంబుతో నీరు పోయకుందురు గాక!

మరియొక ముచ్చట. ఎండకు, గాలికి తొట్టినీరు దినదినము కొంత ఆవిరియగును. ఆ కొరతను ఉప్పునీటితో నింపవలెనా, మంచినీటితోనా? ఉప్పునీటితో ననువారే ఎక్కువ. ఆవిరియై పోవునది నీరు మాత్రమే, ఉప్పు తొట్టిలోనే మిగులును. కావున శుద్ధమైన మంచినీటినే పోయవలెను. లేకున్నచో నెలతిరుగకమునుపే తొట్టి ఉప్పుమడి యగును.

నీరు కలిపినంతనే చేపలను విడువరాదు. చేప విసర్జించునది, తినక మిగిల్చిన మేత కుళ్లినది అమ్మోనియా యగును. అది మిక్కిలి స్వల్పమైనను మొప్పలను కాల్చును. దానిని ఒకజాతి సూక్ష్మజీవులు నైట్రైటుగా మార్చును, అదియు విషమే. వేరొకజాతి దానిని నైట్రేటుగా మార్చును; ఇది చాలవరకు నిరపాయము. ఈ పని మీ రెరుగనిది కాదు. పశువులకొట్టపు నేలమీదను, పాతగోడల మొదళ్లలోను తెల్లగా పూచు సూరేకారము ఇట్టి సూక్ష్మజీవుల కృషియే. పెంటదిబ్బ మాగి పైరుకు ఎరువగుటయు అంతే. తొట్టియు అట్లే మాగవలెను. బొఱ్ఱలు గల సున్నపురాళ్లను పేర్చి, కొలదిగా అమ్మోనియా చేర్చి, నాలుగు మొదలు ఆరు వారములు వేచియుందురు. రాయిలోపల ప్రాణవాయువు చేరని బొఱ్ఱలలో మూడవజాతి సూక్ష్మజీవులు నైట్రేటును గాలిగా మార్చి పైకి విడుచును. దినదినము నీటిని పరీక్షించి, అమ్మోనియా నైట్రైటులు రెండును లేకుండ పోయిన పిమ్మటనే మొదటి ప్రాణిని దింపవలెను. ఈ ఆరువారముల ఓర్పు లేనివారి తొట్లే లోకమున ఎక్కువ చెడినవి. అంగడివాడు తొందరపెట్టును, పిల్లలు తొందరపెట్టుదురు, సూక్ష్మజీవులు మాత్రము తొందరపడవు.

యంత్రముల సంగతి క్లుప్తముగా చెప్పెదను. బెల్లము వండునప్పుడు మడ్డి నురుగుతో పైకి తేలగా జల్లెడగరిటెతో తీసివేయుట మీకు తెలిసినదే. ఉప్పునీటిలో సన్నని గాలిబుడగలను పంపినచో కుళ్లుటకు సిద్ధముగానున్న పదార్థములు బుడగల నంటుకొని నురుగై పైగిన్నెలో చేరును. ఆ గిన్నెను కడుగుట యజమాని నిత్యకృత్యము. దాని వాసన వర్ణింపనక్కరలేదు. సముద్రములో అలలు చేయుపనిని పంపులు చేయును. సూర్యుని పనిని నీలికాంతి మిక్కుటముగాగల విద్యుద్దీపములు దినమునకు ఎనిమిది మొదలు పదిగంటలు చేయును. నీటి వేడి 25, 26 డిగ్రీలయందు నిలువవలెను. మన వేసవిలో ఇది ఎంత కష్టమో చెప్పనేల? నీటిని చల్లబరచు యంత్రము లేనిదే తెలుగుదేశమున ఈ వేడుక సాగదు. విద్యుత్తు ఆగినచో నీటికదలిక ఆగును, ప్రాణవాయువు తరుగును. కొన్ని గంటలలో చేపలు నోళ్లు తెరచుచు పైకి వచ్చును. విద్యుత్తు తరచుగా పోవు ఊరిలో, బ్యాటరీతో నడచు గాలిపంపైనను లేనివాడు ఈ పనికి పూనుకొనరాదని నా నిశ్చితాభిప్రాయము.

పగడములు పెరిగినకొలది నీటిలోని సున్నమును తినివేయును. దానిని మరల ఇచ్చుచుండవలెను. ఇందుకు జర్మనులు కనిపెట్టిన ఉపాయము మనకు నవ్వు పుట్టించును. అది సున్నపుతేట! పీటర్ విల్కెన్స్ అను గ్రంథకర్త దీనిని బాగుగా ప్రచారము చేసెను. స్వచ్ఛమైన సున్నమును శుద్ధజలములో కలిపిన లీటరునకు రెండుగ్రాములకు లోపుగనే కరగును. మిగిలినది అడుగున పేరుకొనగా పైతేటను, ఆవిరియైన నీటికి బదులుగా, రాత్రివేళ బొట్టుబొట్టుగా జార్చుదురు. ఒక్కసారి కుమ్మరించినచో నీటి క్షారము మితిమీరి ప్రాణులన్నియు నశించును. తాంబూలపు సున్నములో ఇతర పదార్థములు కలియవచ్చును గనుక అది కూడదు.

ప్రాణులను దింపుటయందును ఒక వరుస కలదు. మొదట నాచు మేయు నత్తలు, శంఖపుడొల్లలలో కాపురముండు చిన్నపీతలు. పిదప నెమ్మదిగల చిన్నచేపలు. పోట్లాడుజాతివి కడపట రావలెను. ముందు వచ్చిన జగడాలమారి తొట్టియంతయు తనదేయని తలచి, వెనుక వచ్చినదానిని కొట్టి చంపును. కొత్తచేపను వేరుతొట్టిలో నాలుగైదు వారములుంచి, తెల్లమచ్చల జాడ్యము లేదని తెలిసిన మీదట కలుపవలెను. ఆ జాడ్యమునకు రాగిలవణమే మందు గనుక, పగడములున్న తొట్టిలో చికిత్స అసాధ్యము. పగడములలో మెత్తనిజాతులు ఓర్చుకొనును. కొమ్మలవలె పెరుగు రాతిపగడములు సంవత్సరము గడచి తొట్టి నిలుకడపడిన పిమ్మట గాని బ్రదుకవు. వానికిని వైరములు కలవు. రాత్రివేళ పొడవైన విషపుతీగలను చాచి ప్రక్కదానిని కాల్చు జాతులున్నవి. కావున సరిహద్దు విడిచి నాటవలెను. గుండీలవలె గుంపుగా పెరుగు జొయాంథిడులు అను వానిలో కొన్నిటియందు మనుష్యులను చంపగల విషమున్నది. అవి పట్టిన రాతిని వేడినీట మరిగించి, ఆ ఆవిరి పీల్చి కుటుంబములు ఆసుపత్రి పాలైన సంగతులు వైద్యపత్రికలలో కలవు. చేతికి తొడుగు లేనిదే వానిని తాకరాదు.

చేపలలో నారింజవన్నెకు తెల్లపట్టెలు గల క్లౌన్ చేపను పిల్లలందరు కోరుదురు. దీని సంసారము విచిత్రము. పుట్టినపుడు అన్నియు మగవియే. గుంపులో పెద్దది ఆడది యగును, రెండవది దానికి భర్త. ఆడది చచ్చినచో భర్తయే ఆడదియై, మూడవదానిని భర్తగా గైకొనును! ఈ చేపను తొట్లలోనే గ్రుడ్లు పెట్టించి పెంచు విద్య మనదేశమున కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు సాధించియున్నారు. అట్లు పెంచినదానినే కొనవలెను; అది తొట్టిబ్రదుకునకు అలవాటుపడినది, సముద్రమునకును లోటులేదు. నెమలివన్నెలు గల మాండరిన్ చేప మిక్కిలి అందమైనదే, కాని కంటికి కానరాని సజీవక్రిములను తప్ప సాధారణముగా మరేమియు ముట్టదు. కొత్తతొట్టిలో వేసిన ఆకలితో చచ్చును. అట్టిదానిని ముచ్చటపడి తెచ్చుట కసాయితనమని నేను తలతును.

ఈ ధర్మసూక్ష్మమునే ఇంకొంచెము చూడవలెను. 1960ల నుండి ఫిలిప్పీను దీవులలో చేపలను మత్తుపరచి పట్టుటకు సైనైడు విషమును దిబ్బలమీద చిమ్ముచువచ్చిరి. పట్టుబడిన చేప కొన్నాళ్లకు చచ్చును, విషము తగిలిన పగడము అచటనే చచ్చును. ఇండొనీషియాలోని బంగాయి దీవులలో ఒక చిన్నచేప కలదు. అందు తండ్రియే గ్రుడ్లను నోట నుంచుకొని, మేత మాని, పిల్లలైనదాక కాపాడును. లోకమంతట గిరాకి పెరుగుటచే ఆ చేపను విస్తారముగా పట్టిరి. 2007లో దానిని అంతరించు ప్రమాదము గల జాతులలో చేర్చవలసివచ్చినది. మన దేశపు సంగతియు చెప్పుకొనవలెను. మన్నారు సింధుశాఖలో సున్నము కొరకు పగడపురాతిని ఏండ్ల తరబడి త్రవ్వి తీసిరి. 1986లో అచటి ఇరువదియొక్క దీవులను సముద్ర జాతీయోద్యానవనముగా ప్రకటించిరి, కాని వానిలో రెండు ఇదివరకే నీట మునిగినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున 2001లో దిబ్బకట్టు పగడములను మొదటి పట్టికలో చేర్చిరి. పులికెంత రక్షణయో వానికంత. సముద్రమునుండి చిన్నకొమ్మను విరిచి తెచ్చినను, అమ్మినను, ఇంట నుంచుకొనినను నేరమే. కావున మన దేశమున ఈ తొట్టి పెట్టదలచినవారు చేసినరాళ్లను పేర్చి, పెంపకపు చేపలతో తృప్తిపడుట క్షేమము. దిబ్బ యనిపించుకొనుటకు రాళ్లు, చేపలు, కెరటములు చాలును. పగడము లేనిదే సొగసు లేదని మనుమడు వాదించినచో చట్టమును చూపుడు.

అన్యదేశముల వారికి వేరొక మార్గమున్నది. చెరకుముచ్చెను పాతినట్లు, గోరింటకొమ్మను గ్రుచ్చినట్లు, తొట్టిలో పెరిగిన పగడమును చిన్నముక్కగా కోసి రాతిపలకకు అంటించిన అది క్రొత్తమొక్కవలె పెరుగును. ఇట్లు ఒకరినుండి యొకరికి చేతులు మారిన ముక్కలు వేలకొలది ఇండ్లలో నున్నవి. వానికొరకు మరల సముద్రమును ముట్టుట లేదు. ఈ వేడుకవలన నేర్చిన విద్య పండితులకును అక్కరకు వచ్చినది. లండనులోని హార్నిమన్ మ్యూజియమువారు తొట్టిలో ఋతువులను, చంద్రకళలను దీపములతో అనుకరించి, పగడములచే గ్రుడ్లు విడిపించిన విధమును 2017లో ప్రకటించిరి. 2019లో అమెరికాలోని ఫ్లారిడా అక్వేరియమువారు, తమ తీరమున నశించిపోవుచున్న స్తంభపగడమును అట్లే ప్రసవింపజేసిరి. దీని అవసరము చిన్నది కాదు. వేసవి పరమావధికంటె ఒక డిగ్రీ హెచ్చుగా కొన్ని వారములు సముద్రము వేడెక్కిన చాలును, పగడము తన లోపలి నాచును వెళ్లగొట్టి తెల్లబడును. వేడి తగ్గనిచో ఆకలితో చచ్చును. 1998లోను, 2010లోను, 2014 మొదలు 2017 వరకును ప్రపంచమంతట ఇట్లు జరిగినది. నాలుగవ పర్యాయము ఆరంభమైనదని 2024 ఏప్రిలులో ప్రకటించిరి.

తొట్టి కుదిరిన పిమ్మట పని తీరినదని తలపరాదు. మేతపెట్టుట, గాజు తుడుచుట, నురుగుగిన్నె కడుగుట, వారమునకో పక్షమునకో పదోవంతు నీటిని మార్చుట ఎన్నటికిని తప్పవు. పాడికి కట్టుబడినవాడు ఊరువిడిచి పోలేనట్లే ఇతడును పోలేడు. క్లౌన్ చేప ఇరువదియేండ్లు దాటి బ్రదికిన ఉదాహరణలు కలవు. అందుచే తొట్టి పెట్టువాడు తన తరువాత దానిని చూచువారెవరో యోచింపవలెను. 1828లో స్కాట్లండు తీరమున సర్ జాన్ డాల్యెల్ అను పండితుడు పూవువంటి సముద్రజీవి నొకదానిని తెచ్చి, గాజుపాత్రలో ఉప్పునీటనుంచి పెంచెను. అది వందలకొలది పిల్లలను కన్నది. జనులు దానిని 'అవ్వ' యని పిలిచిరి. 1851లో డాల్యెల్ చనిపోగా దానిని వేరొక పండితుడు గైకొనెను, అతని తరువాత మరియొకడు. నీరు మార్చు చేతులు మారుచుండగా ఆ అవ్వ ఎడింబరో నగరమున 1887 వరకు జీవించినది. అది పోయినప్పుడు ఆ నగరపు వార్తాపత్రికలో మరణవార్త పడినది.